మనసు ఓపీలో ఒంటి సంగతి: నల్గొండ, పాలమూరు సర్కారు వైద్యంపై సమీక్ష

స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి పెద్ద మానసిక జబ్బులకు ఏళ్ల తరబడి మందులు వాడేవాళ్ల షుగర్, బీపీ, కిడ్నీ, థైరాయిడ్, గుండె ఎవరు చూస్తున్నారు? ఈ సమీక్ష ఆ ఒక్క ప్రశ్న మీద. ఫలానా దవాఖానను పట్టుకుని రాసింది కాదు. ఉమ్మడి నల్గొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఒక రోగి తిరిగే దారి మొత్తాన్ని చూసి రాసింది: జిల్లా కేంద్రంలో సైకియాట్రీ ఓపీ, మండలంలో పీహెచ్‌సీ, అక్కడ బీపీ, షుగర్ లాంటి అంటని జబ్బులు చూసే ఎన్‌సీడీ క్లినిక్, రక్తపరీక్షల హబ్బు, క్యాజువాలిటీ, మందుల కౌంటర్.

మార్కులు ముందే చెప్పేస్తాం. మనసుకు మందు దొరకడం: అయిదుకు మూడున్నర. అదే మనిషి ఒంటిని చూడడం: అయిదుకు ఒకటిన్నర. ఇంత తక్కువ మార్కు పడింది పరీక్షలు లేక కాదు. కావాల్సిన వాటిలో చాలావరకు జిల్లాలోనే, పైసా ఖర్చు లేకుండా ఉన్నాయి. రాసేవాళ్లు ఒకరు, చేసేవాళ్లు ఒకరు, ఫలితం వచ్చే ఫోను ఇంకొకరిది. అన్నింటినీ ఒక్క కాగితం మీద పెట్టి చదివే మనిషి మాత్రం ఈ దారిలో ఎక్కడా లేడు.

ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నామంటే, తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్లు మిగతావాళ్ల కంటే 10 నుంచి 20 ఏళ్లు ముందే పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆత్మహత్యలు అందులో కొంత భాగమే. ఎక్కువమందిని తీసుకుపోతున్నవి గుండెజబ్బు, పక్షవాతం, షుగర్, ఊపిరితిత్తుల జబ్బులు, టీబీ లాంటి అంటురోగాలు. ఊళ్లో అందరికీ వచ్చే జబ్బులే, కాకపోతే వీళ్లకు ముందుగా వస్తాయి, ఆలస్యంగా బయటపడతాయి. కొంత కారణం మందుల్లోనే ఉంది. సైకోసిస్ (భ్రమలు, లేని గొంతులు వినిపించడం) తగ్గడానికి ఇచ్చే ఒలాంజపిన్, క్లోజపిన్ ఆకలిని విపరీతంగా పెంచుతాయి, ఇన్సులిన్ పనిని దెబ్బతీస్తాయి. కొంత కారణం బీడీలో, కదలకుండా కూర్చోవడంలో, మూడు పూటలా అన్నంతోనే గడిచిపోయే తిండిలో ఉంది. మిగిలింది వైద్యంలో ఉంది.

ఓపీ గదిలో

ముందు మంచి చెప్పాలి. ఒకప్పుడు ఈ రెండు జిల్లాల వాళ్లు చాలామంది గోలీల కోసం కూడా ఎర్రగడ్డ దాకా పోయేవాళ్లు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాక స్పెషలిస్టు వైద్యం దగ్గరికొచ్చింది. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి, తల్లి తన బిడ్డను నెలనెలా తీసుకురావడం తేలికైంది. మందు మానేసేవాళ్లు తగ్గడానికి ఇవి నిజంగా పనికొచ్చే మార్పులు.

తేడా వచ్చేది గదిలోకి పోయాక. "నిద్ర పడుతుందా? గోలీలు వేసుకుంటుండా? సరే, నెల రోజులకు అవే." రెండు నిమిషాలు. చీటీ మీద బరువు, బీపీ రాయాల్సిన చోటు ఖాళీ. బరువు చూసే మిషను మెడిసిన్ ఓపీలో ఉంటుంది, సైకియాట్రీ ఓపీలో ఉండదు. ఉన్నా సెల్లు అయిపోయి ఉంటుంది. డాక్టరు ముందు వంద చీటీలుంటే మనసు గురించి అడగడానికే టైము చాలదని మాకు తెలుసు. కానీ బరువు చూడడానికి డాక్టరు అక్కర్లేదు.

అసలు చూడాల్సిందేమిటో వివరంగా చెప్పుకుందాం. 2004లో అమెరికాలో డయాబెటిస్ సంఘం, మానసిక వైద్యుల సంఘం కలిసి ఒక పట్టిక ఇచ్చాయి. తర్వాత వచ్చిన మార్గదర్శకాలు చాలావరకు దాన్నే అనుసరించాయి. కొత్త మందు మొదలుపెట్టే ముందు బరువు, నడుము చుట్టుకొలత, బీపీ, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ రాసిపెట్టుకోవాలి. ఇంట్లో ఎవరికైనా షుగర్, గుండెజబ్బు ఉందా అని అడగాలి. బరువు మళ్లీ 4, 8, 12 వారాలకు, ఆపైన మూడు నెలలకోసారి. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ 12 వారాలకు ఒకసారి, ఆ తర్వాత షుగర్, బీపీ ఏడాదికోసారి. కొలెస్ట్రాల్‌కు ఆ పట్టిక అయిదేళ్ల వ్యవధి ఇచ్చింది గానీ మన వాళ్ల ఒంటి తీరుకు అది మరీ ఎక్కువ, ఏడాదికోసారి చూడడమే మేలు.

ఇందులో అన్నిటికంటే విలువైనది మొదటి మూడు నెలల బరువు. మొదట్లో ఉన్నదాని మీద 5 శాతం పెరిగితే ఆగి ఆలోచించాలి. 60 కిలోల మనిషికి అది 3 కిలోలు. ఆ దశలో పట్టుకుంటే డాక్టరు చేతిలో దారులున్నాయి: బరువు తక్కువ పెంచే అరిపిప్రజోల్ లాంటి దానికి మార్చడం, డోసు సరిచూడడం, షుగర్ గోలీ మెట్‌ఫార్మిన్ చేర్చడం. 20 కిలోలు పెరిగాక అవే దారులు ఇరుకైపోతాయి. ఇంకో మాట: బరువు పెరిగిందని ఇంటివాళ్లు తమంతట తాము గోలీ ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. ఆపొద్దు, అడగాలి.

నడుము కొలిచేది ప్యాంటు కట్టుకునే చోట కాదు. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు సరిగ్గా మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక, టేపు బిగించకుండా. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే మన దేశస్తులకు ప్రమాదమే. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) కూడా మనకు 23 నుంచే ఎక్కువ కింద లెక్క, 25 నుంచి ఊబకాయం. చూడ్డానికి సన్నగా ఉన్నాడు కదా అని వదిలేసే పాలమూరు కూలీకి పొట్ట మాత్రం వచ్చి ఉంటుంది. అతనికే షుగర్ ముందు వస్తుంది.

బీపీ చూసేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. మనిషి మెట్లెక్కి వచ్చి, భయంతో గుండె కొట్టుకుంటుండగానే పట్టీ చుడతారు. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టి, పాదాలు నేల మీద పెట్టించి, చేయి గుండె ఎత్తులో ఉంచి చూస్తేనే ఆ అంకెకు అర్థం. ఒలాంజపిన్‌తో చేయి లావెక్కిన వాళ్లకు మామూలు పట్టీ చాలదు. చిన్న పట్టీతో బీపీ లేనిపోనిది ఎక్కువ చూపిస్తుంది.

నెలనెలా ఫ్లూఫెనజిన్ (రోజూ గోలీకి బదులు వేసే సైకోసిస్ మందు) సూది వేయించుకునే వాళ్ల విషయంలో సాకు అసలే లేదు. సూది వేసే సిస్టర్ ఆ మనిషిని ఎలాగూ కూర్చోబెడుతుంది, పేరు రిజిస్టర్‌లో రాస్తుంది. అదే రిజిస్టర్‌లో బరువుకు, బీపీకి రెండు గళ్లు గీస్తే చాలు. ఈ మొత్తం సేవలో అతి తక్కువ ఖర్చుతో అయ్యే మార్పు ఇదే.

రక్తపరీక్షలు

ఈ దారిలో మాకు అన్నిటికంటే నచ్చింది తెలంగాణ డయాగ్నొస్టిక్స్. 2021లో జిల్లా హబ్బులు వచ్చాక పీహెచ్‌సీలో రక్తం ఇస్తే బండి వచ్చి తీసుకుపోతుంది, హబ్బులో పరీక్ష చేస్తారు, ఫలితం ఫోనుకు వస్తుంది. షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్), క్రియాటినిన్ (కిడ్నీ), లివర్ పరీక్షలు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), సీబీపీ (రక్తకణాల లెక్క) అన్నీ ఉచితం. మానసిక రోగికి ఏడాదికి కావాల్సిన వాటిలో దాదాపు అన్నీ ఇక్కడే అయిపోతాయి.

లోపం చివరి మెట్టులో ఉంది. ఫలితం వచ్చే నంబరు చాలాసార్లు రోగిది కాదు. హైదరాబాద్‌లో పనిచేసే అన్నదో, ముంబైలో ఉన్న చిన్నాన్నదో అయి ఉంటుంది. షుగర్ 260 అని వచ్చిన మెసేజ్ ఎవరూ తెరవకుండానే ఉండిపోతుంది. రక్తం ఇచ్చేటప్పుడే పక్కనుండే మనిషి నంబరు రాయించండి, ఏఎన్‌ఎంకు చెప్పి కాగితం ప్రింటు అడగండి. సైకియాట్రీ ఓపీకి పోయేటప్పుడు ఆ ప్రింటు చేతిలో ఉండాలి. అక్కడి డాక్టరు తనంతట తాను వెతికి చూస్తాడనుకోవద్దు.

పరగడుపు అనేది ఇంకో చిక్కు. చందంపేట నుంచో, అచ్చంపేట పైనున్న తండా నుంచో తెల్లారి బస్సు పట్టుకుని వచ్చేవాళ్లు దారిలో ఏదో ఒకటి తింటారు. "తిన్నారా? అయితే రేపు రండి" అంటే ఆ రేపు రాదు. తిని వచ్చినా హెచ్‌బీఏ1సీ చేయొచ్చు: 6.5, ఆపైన ఉంటే షుగర్, 5.7 నుంచి 6.4 అంచు మీద ఉన్నట్టు. రక్తం బాగా తక్కువున్న వాళ్లలో ఆ అంకె తప్పుదారి పట్టించగలదు కాబట్టి సీబీపీలో హిమోగ్లోబిన్ కూడా చూడాలి. కొలెస్ట్రాల్ కూడా మొదటిసారి చూసేందుకు తిన్నాక తీసినా ఫర్వాలేదు. పరగడుపు షుగరే కావాలంటే ముందురోజు రాత్రి తిన్నాక 8 గంటలు గడవాలి. రాత్రి గోలీ మానక్కర్లేదు, నీళ్లు తాగొచ్చు. ఆ నమూనా తప్పకుండా బూడిదరంగు మూత ట్యూబులో తీయాలి. మామూలు ట్యూబులో తీసి ఎండలో బండి కోసం గంటలు ఆపితే రక్తకణాలే ఆ షుగర్‌ను తినేస్తాయి, ఉన్న షుగర్ లేనట్టు వస్తుంది.

ముప్పై ఏళ్ల గీత

ఎన్‌సీడీ కార్యక్రమం కింద ఆశా, ఏఎన్‌ఎం ఇంటింటికీ వచ్చి బీపీ, షుగర్ చూడడం, నెల గోలీలు ఇవ్వడం మంచి పని. కానీ ఆ లెక్క 30 ఏళ్లు నిండినవాళ్ల నుంచి మొదలవుతుంది. స్కిజోఫ్రీనియా ఎక్కువగా బయటపడేది 18 నుంచి 30 లోపు. ఇరవై రెండేళ్ల పిల్లవాడికి ఒలాంజపిన్ మొదలైతే, ఇంటికొచ్చే షుగర్ మిషను అతని వేలు దాకా రావడానికి ఇంకో ఎనిమిదేళ్లు. అతనికి షుగర్ వచ్చే ముప్పు ఎక్కువున్నది సరిగ్గా ఆ ఏళ్లలోనే. దీనికి కొత్త పథకం ఏమీ అక్కర్లేదు. సైకియాట్రీ మందులు వాడేవాళ్లకు వయసుతో పని లేకుండా చూడాలని జిల్లా స్థాయిలో ఒక్క ఆదేశం చాలు. అది వచ్చేదాకా ఇంటివాళ్లే, "మావోడు మానసిక గోలీలు వాడుతుండు, షుగర్ చూడు అక్కా" అని ఆశా అక్కను అడగాలి. ఇల్లు చూడడానికి వచ్చినప్పుడు లోపలి గదిలో దాచిపెట్టకూడదు.

లిథియం: నల్గొండలో రెండింతలు జాగ్రత్త

బైపోలార్‌కు లిథియం మంచి మందు, చవక మందు, ఆత్మహత్య ముప్పును తగ్గించే మందు. దాన్ని చూసుకోవడంలో ఈ సేవలు చాలా వెనకబడి ఉన్నాయి. రక్తంలో దాని స్థాయి 0.6 నుంచి 0.8 వరకు (లీటరుకు మిల్లీ ఈక్వివలెంట్లు, mEq/L), అవసరమైతే 1.0 దాకా ఉండాలి. 1.5 దాటితే విషం కిందే లెక్క. మేలు చేసే అంకెకు, చంపే అంకెకు మధ్య ఇంత తక్కువ దూరం ఉన్న మందును కొలవకుండా నెలల కొద్దీ రాయడం ఒప్పుకోలేని విషయం.

పరీక్ష చివరి డోసు వేసుకున్న 12 గంటలకు తీయాలి. రాత్రి 9కి వేసుకుంటే పొద్దున 9కి రక్తం ఇచ్చి, ఆ తర్వాతే పొద్దుటి గోలీ. గోలీ వేసుకుని వచ్చి రక్తమిస్తే అంకె ఎక్కువ వస్తుంది, డాక్టరు డోసు తగ్గిస్తాడు, జబ్బు తిరగబెడుతుంది. డోసు మార్చిన 5 నుంచి 7 రోజులకు ఒకసారి, మొదటి ఏడాది మూడు నెలలకోసారి, ఆ తర్వాత నిలకడగా ఉంటే ఆరు నెలలకోసారి. దాంతోపాటు ఆరు నెలలకోసారి క్రియాటినిన్, టీఎస్‌హెచ్, కాల్షియం. లిథియం పరీక్షకు బయటి ల్యాబుకు పోవాల్సి వచ్చినప్పుడు ఒక్కటి గమనించండి: ఆకుపచ్చ మూత ట్యూబుల్లో లిథియం హెపారిన్ ఉండే రకం ఉంది. అందులో తీస్తే రక్తంలో లేని లిథియం కూడా లెక్కలోకి వస్తుంది. ఎర్రమూత ట్యూబు అడగండి.

మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం ఇంకా ఉంది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చినా పాడైన కీళ్లు, వంగిన నడుము అలాగే ఉన్నాయి. నొప్పి తట్టుకోలేక ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది, మెడికల్ షాపులో చీటీ లేకుండా ఐబుప్రొఫెన్. ఇవి కిడ్నీ ద్వారా లిథియం బయటికి పోకుండా ఆపుతాయి. నాలుగైదు రోజులు వరసగా వేసుకుంటే చాలు, మామూలు డోసు మీదే లిథియం పైకి పోతుంది. నొప్పికి పారాసెటమాల్ వాడొచ్చు. అది చాలకపోతే సైకియాట్రీ డాక్టరుకు చెప్పి, లిథియం పరీక్ష పెట్టుకునే వేరే మందుకు పోవాలి.

అదే ప్రమాదం బీపీ గోలీతోనూ ఉంది. సర్కారు దవాఖానల్లో బీపీకి మామూలుగా ఇచ్చేవి అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్. అమ్లోడిపిన్‌తో లిథియంకు పెద్ద గొడవ లేదు. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్, హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ మాత్రం లిథియంను పెంచుతాయి. పీహెచ్‌సీలో రాసే డాక్టరుకు లిథియం సంగతి తెలియదు, జిల్లా ఓపీలో డాక్టరుకు బీపీ గోలీ సంగతి తెలియదు. రెండు చీటీలు రెండు కవర్లలో ఉంటాయి. ఆ రెండు కవర్లను ఒకే సంచిలో వేసుకుని రెండు చోట్లా బయట పెట్టమని మేం అందరికీ చెప్పేది ఇందుకే.

ఇక ఎండలు. మే నెలలో ఇక్కడ 44, 45 డిగ్రీలు. చెమట పోయి, నీళ్లు, ఉప్పు తగ్గితే కిడ్నీ లిథియంను పట్టి ఉంచుతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా అంతే. చేతులు మామూలు కంటే ఎక్కువ వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం, మగత, విరేచనాలు: ఇవి కనిపిస్తే ఆ పూట లిథియం ఆపి వెంటనే దవాఖానకు పోవాలి, లిథియం స్థాయి, క్రియాటినిన్ అడగాలి. తాగొచ్చిండు అనుకుని పడుకోబెడితే ప్రాణం మీదికి వస్తుంది. ఎండాకాలం నీళ్లు పుష్కలంగా తాగాలి, తిండిలో ఉప్పు ఒక్కసారిగా తగ్గించకూడదు. బీపీ ఉందని ఎవరైనా ఉప్పు పూర్తిగా మానమంటే లిథియం వాడుతున్న సంగతి చెప్పాలి.

లిథియం వాడనివాళ్లకూ ఎండ ముప్పే. వణుకు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ చెమట పట్టనివ్వదు, సైకోసిస్ మందులు ఒంటి వేడిని అదుపు చేసే శక్తిని తగ్గిస్తాయి. ఉపాధి హామీ పనికి పోయే మనిషైతే ఎండ ముదరకముందే ఇంటికి చేరాలి.

క్లోజపిన్

వేరే మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకు ఇదొక్కటే గట్టి మందు. జిల్లాలో దీన్ని మొదలుపెట్టడానికి వెనకాడతారు, కారణం రక్తపరీక్ష: ఈ మందు కొందరిలో తెల్లకణాలను పడేస్తుంది కాబట్టి వాటిని లెక్కపెడుతూ ఉండాలి. మొదటి 18 వారాలు ప్రతి వారం సీబీపీ, ఆపైన డాక్టరు చెప్పిన వ్యవధిలో. పీహెచ్‌సీ నుంచి నమూనా పంపే వీలున్నప్పుడు ఇది అసాధ్యం కాదు. న్యూట్రోఫిల్స్ (సూక్ష్మక్రిములతో పోరాడే తెల్లకణాలు) లెక్క ఇంట్లోనే చూసుకోవచ్చు: మొత్తం తెల్లకణాలు 5,200, న్యూట్రోఫిల్స్ 60 శాతం అయితే 5,200లో 60 శాతం, అంటే 3,120. ఆ లెక్క 1,500 కంటే, లేదా మొత్తం తెల్లకణాలు 3,000 కంటే తగ్గితే గోలీ ఆపి అదేరోజు డాక్టరుకు చెప్పాలి. జ్వరం, గొంతునొప్పి వస్తే వారం తిరిగే దాకా ఆగకుండా అదేరోజు సీబీపీ. మొదటి రెండు నెలల్లో ఛాతీ నొప్పి, ఆయాసం, పడుకున్నా గుండె దడ ఉంటే గుండె కండరం వాపు కావచ్చు, ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిన్నదా చూపే రక్తపరీక్ష) అడగాలి.

అందరూ తెల్లకణాల గురించి భయపడతారు, ఎక్కువగా చంపేది మాత్రం మలబద్ధకం. క్లోజపిన్ పేగుల కదలికను ఆపేస్తుంది. మూడు రోజులు దొడ్డికి పోకపోవడం, పొట్ట ఉబ్బి గట్టిపడడం, వాంతులు: ఇది క్యాజువాలిటీ విషయం, అరటిపండు విషయం కాదు. ఓపీలో చీటీ రాసే ప్రతిసారీ అడగాల్సిన ప్రశ్న ఇది, అడిగేవాళ్లు అరుదు. సిగ్గుపడకుండా ఇంటివాళ్లే చెప్పాలి.

మందుల కౌంటర్‌లో స్టాకు లేక వచ్చే ప్రమాదం ఇంకోటి. క్లోజపిన్ 48 గంటలకు మించి తప్పితే పాత డోసు ఒక్కసారిగా వేయకూడదు, 12.5 మిల్లీగ్రాముల నుంచి మళ్లీ ఎక్కించుకుంటూ పోవాలి. మూడు రోజులు ఆగి ఒకేసారి 300 వేస్తే బీపీ పడిపోవచ్చు, ఫిట్స్ రావచ్చు. "స్టాకు లేదు, సోమవారం రండి" అనే కౌంటర్‌కు ఈ సంగతి తెలిసి ఉండాలి. ఇంట్లో ఎప్పుడూ వారం గోలీలు ఎక్కువ ఉంచుకోండి.

బీడీ పొగ కూడా డోసును మారుస్తుంది. పొగలోని తారు వల్ల కాలేయం క్లోజపిన్, ఒలాంజపిన్‌లను త్వరగా ఖర్చు చేస్తుంది. బీడీ కట్టలు కాల్చే మనిషికి అందుకే డోసు ఎక్కువ పడుతుంది. అలాంటివాడు అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు బీడీ ముట్టకపోతే, లేదా వార్డులో అడ్మిట్ అయి ఆపేస్తే, వారంలోపే రక్తంలో మందు పెరిగిపోతుంది: మగత, చొంగ, తూలడం, ఫిట్స్. మాల వేయొద్దని కాదు, బీడీ మానడం అన్నిటికంటే మంచిది. వేసే ముందు డాక్టరుకు చెప్పి డోసు తగ్గించుకోవాలి. గుట్కా, జర్దాకు ఈ ప్రభావం లేదు, నోటికి చేసే చెడు వేరే ఉంది.

పాలమూరు వైపు కల్తీ కల్లు గురించి చెప్పకుండా ఉండలేం. డయాజిపామ్, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు క్లోజపిన్‌తో గానీ ఒలాంజపిన్‌తో గానీ కలిస్తే ఊపిరి మందగిస్తుంది. ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్, వెర్రి చూపులు, వణుకు. అది మానసిక జబ్బు తిరగబెట్టినట్టు కనిపించి సైకోసిస్‌కు వేసే హలోపెరిడాల్ సూది పడుతుంది. కల్లు అలవాటు ఎంత, ఎప్పుడు ఆగింది అనేది క్యాజువాలిటీలో మొదట చెప్పాల్సిన మాట.

క్యాజువాలిటీ

మార్కు ఎక్కువగా తగ్గింది ఇక్కడే. ఛాతీ నొప్పి అని వచ్చిన మనిషి చేతిలో సైకియాట్రీ చీటీ చూడగానే "టెన్షన్" అని, కడుపునొప్పి అంటే "అనుమానం జబ్బు" అని నిద్రసూది వేసి పంపేయడం ఇంకా జరుగుతోంది. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లు నొప్పిని తక్కువగా, వింతగా చెబుతారు. "కడుపులో పాము తిరుగుతోంది" అన్న మాట వెనక అల్సర్ పగిలి ఉండొచ్చు. మాట వింతగా ఉందని పొట్ట నొక్కి చూడకపోవడం వైద్యం కాదు. ఈసీజీ ఎలాగూ తీయాలి. హలోపెరిడాల్ లాంటివి వాడేవాళ్లలో ఈసీజీలో కొలిచే క్యూటీసీ వ్యవధి 500 మిల్లీసెకన్లు దాటితే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు.

ఎండాకాలంలో జ్వరం, ఒళ్లు కర్రలా బిగుసుకోవడం, చెమటలు, బీపీ ఎక్కుతూ దిగుతూ ఉండడం, మాట తడబడడం కలిసి వస్తే వడదెబ్బ అని ఒక్కటే అనుకోవద్దు. సైకోసిస్ మందుల వల్ల వచ్చే న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ కావచ్చు. ఆ మందులన్నీ ఆపాలి, సీపీకే (కండరాలు దెబ్బతింటే పెరిగే రక్తపరీక్ష అంకె), క్రియాటినిన్ చూడాలి, ఐసీయూ కావాలి. ఆ స్థితిలో ఇంకో హలోపెరిడాల్ సూది వేయడం ప్రమాదం.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం మానసిక జబ్బు ఉన్నవాళ్లను అన్ని రకాల వైద్యంలోనూ మిగతా రోగులతో సమానంగా చూడాలి. అంబులెన్సు సేవ కూడా అదే తీరున, అదే నాణ్యతతో అందాలి. "పేషెంటు గొడవ చేస్తుండు, పోలీసులను పిలవండి" అని 108 బండి వెనక్కి పోవడానికి వీల్లేదు.

మిగతావి

టీబీ: రెండు వారాలు దగ్గుంటే కళ్లె పరీక్ష. టీబీ మందు మొదలైతే సైకియాట్రీ డాక్టరుకు అదే వారం చెప్పాలి, అందులోని రిఫాంపిసిన్ రక్తంలో హలోపెరిడాల్, క్వెటియాపిన్, క్లోజపిన్ స్థాయిలను బాగా పడేస్తుంది. మరో టీబీ మందు ఐసోనియాజిడ్ అరుదుగా తనే మనసును కలత పెడుతుంది. పళ్లు: నోరెండే మందులతో పుచ్చిపోతాయి, ఏడాదికోసారి డెంటల్ ఓపీ. ఆడవాళ్లు: రిస్పెరిడోన్‌తో నెలసరి ఆగడం, పాలు రావడం, ప్రొలాక్టిన్ అనే పాల హార్మోను పెరగడం వల్ల కావచ్చు. గర్భం అనుకుని వదిలేయకండి, గర్భపరీక్ష చేసి ఆ తర్వాత ప్రొలాక్టిన్ చూడాలి. పిల్లలు పుట్టే వయసులో బైపోలార్‌కు, ఫిట్స్‌కు ఇచ్చే వాల్‌ప్రోయేట్ రాసి ఉంటే పిండానికి జరిగే హాని గురించి డాక్టరు నోటితో వివరంగా చెప్పించుకోవాలి, తమంతట తాము ఆపకూడదు. రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలకు ఈ ఆడవాళ్లను పిలిచేవాళ్లే లేరు. ఎన్‌సీడీ లిస్టులో వీళ్ల పేర్లు ఉన్నాయో లేదో ఏఎన్‌ఎంను అడిగి చూసుకోండి.

ఒక నూరు పేజీల నోట్‌బుక్ కొని మొదటి పేజీలో ఇవి రాయండి: మందుల పేర్లు, డోసు, మొదలైన తేదీ, వేరే దవాఖాన ఇచ్చిన గోలీలు, పడని మందు, బీడీ, కల్లు. రెండో పేజీ నుంచి తేదీ, బరువు, నడుము, బీపీ, షుగర్, లిథియం వాడితే దాని అంకె, ఎన్ని రోజులకోసారి దొడ్డికి పోతున్నారు. వైద్య రికార్డులు చూసే హక్కు పైన చెప్పిన 2017 చట్టం 25వ సెక్షన్ ఇచ్చింది, డిశ్చార్జి కాగితాల నకలు అడిగి తీసుకుని అందులో పెట్టండి. బరువు చూడలేదు, పరీక్ష రాయలేదు, నొప్పి చెప్పినా పట్టించుకోలేదు అనిపిస్తే 28వ సెక్షన్ ప్రకారం ముందు ఆ దవాఖాన బాధ్యత చూసే మెడికల్ ఆఫీసరుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. అక్కడ తేలకపోతే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు, ఆపైన రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీకి పోవచ్చు. ఫిర్యాదుకు నోట్‌బుక్‌లోని తేదీలు, అంకెల నకలు జతచేసి, ఇచ్చిన కాగితం మీద రిసీట్ ముద్ర వేయించుకోండి.